పసుపు ఉడికినంక

మన సాయిగాడి బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మన కమ్మర్‌పల్లి ఇంటి మేడ మీది గదిలో హైదరాబాదు నుంచి వచ్చిన భార్యాభర్తలు దిగారు. పొద్దున కారులో చుట్టుపక్కల ఊళ్లు చూడటానికి వెళ్లి, రాత్రి అన్నం వేళకు తిరిగొస్తారు. "మా ఊర్ల ఉండి సుట్టుముట్టు అన్నీ సూడొచ్చు" అని నీ ఆటో ఎక్కిన ప్రతివాళ్లకూ చెప్పేవాడివి. నీ మాట ఇప్పటికి నిజమైంది.

నాకే నడుము విరుగుతోంది. పగలంతా చేనులో పసుపు ఉడకబెట్టడం, ఇంటికొచ్చి వాళ్లకు రొట్టెలు చేయడం. పైగా ఎక్కడికి వెళ్లాలో కూడా నన్నే అడుగుతారు. నిన్న పోచంపాడ్ వెళ్లమన్నాను. పొద్దు గూకేటప్పుడు డ్యామ్ కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదని, నీళ్లన్నీ రాగి రంగుకు తిరుగుతాయని నువ్వు చెప్పినట్టే చెప్పాను.

తిరిగొచ్చి ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుంది. "అచ్చం నువ్వు చెప్పినట్టే ఉందవ్వా! ఎన్నిసార్లు చూసినవ్?"

ఏటా "పసుపు ఉడికినంక తీస్కపోత" అనేవాడివి. ఏటా పసుపు ఉడికింది, మనం పోవడమే కాలేదు.

"శానసార్లు బిడ్డా," అన్నాను. "మా ఆయన ఏటేటా తీస్కపోయేటోడు."