ఇంజన్‌ల పోసిన పల్లినూనె

బాపు,

నీళ్ల ఇంజన్ జోలికి పోకు. వాల్వు ఇరుక్కున్నది. హెడ్డు విప్పి, స్కూటీ మీద నందిపేట్‌కు తీసుకపోతున్న.

మెకానిక్ మోజెస్ అన్నను ఫోన్ల అడిగిన. "పాత ఇంజన్ గదా, పెట్రోల్‌ల మూతెడు ఆయిల్ కలిపితే వాల్వు పట్టెయ్యకుండ జరంత ఆసరైతది, ఎక్కువ పోస్తే మసి గట్టి అదే పట్టేస్తది అని మీ బాపుకు చెప్పిన" అన్నడు. ఆయన ఆయిల్ అన్నడు బాపు, నూనె అనలే! నువ్వేమో వంటింట్లకెళ్లి గిలాసెడు పల్లినూనె తెచ్చి పోసినవ్. నిన్న చేనంత గారెల వాసన ఎందుకొచ్చిందో నాకు గిప్పుడు సమజైంది. పక్క చేను తారాబాయి అవ్వ "ఎవలింట్ల దావతు?" అని గూడ అడిగింది.

వాల్వు సాఫ్ చేయించుకొని పన్నెండుకల్లా వస్త. పసుపుకు మాపటికి నీళ్లు పెడుదాం, పరేషాన్ గాకు. నన్నొక్క మాట అడిగితే నీకు చిన్నతనమైతుండెనా? నిన్న ఆ పొగల నిలబడి మస్తు దగ్గినవ్. గోలీ టీవీ కాడ పెట్టిన, తిన్నంక వేస్కో.

సుకన్య

మర్చిపోయిన, డబ్బల చుక్క మిగలలే. వంకాయకూర నూనె లేకుంటనే ఉడకబెట్టిన. అలిగితే ఇంజన్ మీద అలుగు, తాగింది అదే.