కరుణ ముట్టని గిన్నె

జగ్గయ్యపేట, ఆగస్టు 1979, ఆదివారం

ఇవాళ చర్చిలో ప్రభువు బల్ల. ఎవరి మీదైనా కోపముంటే ముందు సమాధానపడమని, ఆ రొట్టె, ద్రాక్షారసం అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కొనితెచ్చుకున్నట్టేనని పాస్టరుగారు హెచ్చరించారు. మా తోడికోడలు కరుణతో నేను మాట్లాడి నెల దాటింది. అయినా నలుగురూ చూస్తారని రొట్టె తిన్నాను, ద్రాక్షారసం తాగాను. పక్కనే కూర్చున్న కరుణ మాత్రం గిన్నెను పెదాలకు తాకించకుండానే పక్కవాళ్లకి అందించేసింది.

మధ్యాహ్నం నుంచి మా బాబు ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. నా మూలంగానేనా ప్రభువా? శిక్షిస్తే నన్ను శిక్షించు, వాడినేం చెయ్యకు.

సాయంత్రం కరుణే మిరియాల కషాయం పట్టుకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "మనసులో కోపం పెట్టుకుని నేను తీసుకోలేకపోయా. నువ్వు తీసుకున్నావంటే నన్ను క్షమించేసినట్టేగా అక్కా?" అని అడిగింది.

అవునన్నాను.

బాబు ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది.