సింకు కింది నట్టు

జూన్ 2

వంటగది సింకు కింద పైపు కారుతున్నది. ప్లంబరు రానన్నాడు. అల్లుడు ఫోనులో వీడియో చూచి తానే పూనుకొన్నాడు. మెయిన్ వాల్వు కట్టి, పాత నట్టు విప్పి, మరలకు పట్టిన తుప్పు బ్రష్షుతో గీకి, తెల్లని టేపు చుట్టి, కొత్త పైపు బిగించాడు. చుక్క కారలేదు. ఉద్యోగం పోగొట్టుకొని, భార్యతో సహా నా ఇంట చేరిన తరువాత అతడు చేసిన మొదటి ఘనకార్యమిది. జీతం తేకపోయినా నట్టు బిగించడం వచ్చింది కదా అని అమ్మాయి అన్నది. నాన్నకైతే శ్లోకాలు తప్ప మేకు కొట్టడం కూడా రాదని చేర్చింది.

నవ్వాను. నా పుస్తకాల గది ఇప్పుడు వాళ్ళ పడకగది. నా బల్ల హాలులో, చెప్పుల స్టాండు పక్కన ఉన్నది.

జూన్ 5, మధ్యాహ్నం

అమ్మాయి ఆఫీసుకు, అల్లుడు ఇంటర్వ్యూకు వెళ్ళారు. అసూయ సర్వదోషాలకు మూలమని వ్యాఖ్య రాస్తూ మధ్యలో లేచాను. సింకు కిందికి చేరడానికి ఈ వయస్సులో సాష్టాంగపడవలసి వచ్చింది. పానాతో నట్టును పావు చుట్టు వెనక్కు తిప్పాను.

ఇంత సులభమా!

జూన్ 6

కారింది. ఉద్యోగం సరే, ఒక నట్టును కూడా నిలబెట్టుకోలేరా అన్నది అమ్మాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ బిగించాడు. అభ్యాసం మీద గాని ఏ విద్యా అబ్బదు నాయనా అని ఓదార్చాను.

జూన్ 11

ఈమారు నట్టులోని రబ్బరు వాషరు తీసి కిటికీలోంచి పారవేశాను. ఎంత బిగించినా నీరు ఆగదు. మీ చెయ్యి తగిలితే ఎండిన బావి కూడా కారుతుందన్నది అమ్మాయి. అతిశయోక్తి, అయినా చక్కగా అమరింది. వచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకొన్నాను.

జూన్ 12

కొత్త వాషరు తెచ్చాడు.

జూన్ 16

వంగి చూచి నిశ్చేష్టుడనయ్యాను. నట్టు మీదుగా పైపు మీదికి సన్నని ఎర్రగీత. అమ్మాయి గోళ్ళరంగు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగిపోతుంది. అనగా ఎవరో తిప్పుతున్నారని అతనికి తెలుసు. ఇంట్లో ఇంకెవరున్నారు గనుక!

తిప్పాను.

సాయంత్రం అతడు టార్చి వేసి చూచాడు. లేచి నన్ను చూచాడు. అమ్మాయితో మాత్రం, తప్పు తనదే, సరిగా బిగించలేదన్నాడు. మామయ్యగారూ, నేల తడిగా ఉంది, జారతారు, ఇటు రాకండి అని నాకు చెప్పాడు.

నన్ను క్షమించడానికి వీడెవడు?

జూన్ 19

వాల్వు కట్టి, నట్టును ఒక్క మర మీద నిలిపి వచ్చాను. సాయంత్రం కుళాయిలో నీళ్ళు రావడం లేదని అమ్మాయి కేక వేసింది. అతడు వెళ్ళి వాల్వు తెరిచాడు. తెరిచినది అతని చెయ్యే. పైపు పాములా ఎగిరిపడింది. నీరు వంటగది దాటి హాలంతా నిండింది. కింద పెట్టిన అమ్మాయి లాప్‌టాప్ మునిగింది.

మీ అన్నయ్యగారింట్లో కూడా ఒక సింకు ఉంటుంది, వెళ్ళి దాన్ని ఉద్ధరించండి అన్నది. అతని సంచిని తానే సర్దింది. గుమ్మం దగ్గర అతడు ఆగి నా వైపు చూచాడు. నా నోట ఒక్క మాట చాలు. నేను కళ్ళద్దాలు తుడుచుకొన్నాను.

వెళ్ళాడు.

జూన్ 20

నా బల్ల లోపలికి ఎప్పుడు జరుపుదామని అడిగాను. అమ్మాయి నవ్వింది. మొదటిరోజే నా పంచె మోకాళ్ళ దగ్గర తుప్పుమరక చూచిందట. తానే ఉతికిందట. మరి అతనినెందుకు తిట్టావన్నాను. ఊరికే పొమ్మంటే బాగుండదు కదా నాన్నా, ఒక వంక కావాలి, నువ్వు ఇచ్చావు అన్నది. మంచినీళ్ళు తాగినంత తేలికగా అన్నది. గది తనకు ఆఫీసు పనికి కావాలట.

జూన్ 27

స్నానాలగదిలో కుళాయి కట్టడం మరిచానట. ట్యాంకు ఖాళీ అయిందట. నన్ను ఇంట్లో ఒంటరిగా వదలడం ప్రమాదమని ఫోనులో ఎవరికో చెప్పింది.

ఈ ఉదయం నేను అటు వెళ్ళనే లేదు.

ఇక మీదట జాగ్రత్తగా ఉంటానన్నాను.