తొందరయ్య మూడో పరీక్ష

మార్చి 2, సోమవారం

తొందరయ్య మళ్లీ ఫెయిల్. ఇది రెండోసారి.

నిన్న పొద్దున తీసిన వీర్యం శాంపిల్‌ని చల్లటి పెట్టెలో ఉంచి ఇవాళ మైక్రోస్కోపు కింద చూశాను. వందకి పద్దెనిమిది కణాలు కదులుతున్నాయి. మిగతావి శవాలు. కనీసం ముప్పై కదిలితే పాస్. మా గుర్రాల వీర్యం దూరాలకి పార్శిల్ వెళ్తుంది. ఒక్క రోజు ప్రయాణానికే చచ్చే సరుకుని ఎవరు కొంటారమ్మా అని పెద్ద డాక్టరుగారు అడిగారు. ఆయన అన్నది నిజమే. అందుకే కోపం వచ్చింది.

తొందరయ్య అని పేరు పెట్టింది నేనే. మేత బకెట్ చప్పుడైతే చాలు, తలుపు తన్నుతాడు. నల్లగా, నిగనిగలాడుతూ, బుద్ధి లేకుండా ఉంటాడు. నాకు వాడంటే ప్రాణం.

ఈ గుర్రాల ఫారం మేడమ్‌ది. మూడోసారి కూడా పోతే వాడికి బీజాలు తీయించి స్వారీ నేర్పే స్కూలుకి ఇచ్చేస్తామని చెప్పారు. డాక్టరుగారు ఆపరేషన్‌కి ఏప్రిల్ 11 అని డేటు కూడా వేసేశారు, ముహూర్తం పెట్టినంత హుషారుగా.

మార్చి 3

అమ్మ ఫోన్లో ఎవరికో చెబుతోంది, మా అమ్మాయి ల్యాబులో చేస్తుందండీ, రక్తపరీక్షలూ అవీ, అని. గుర్రాల వీర్యం చూస్తుందని చెప్తే కొంపేం మునుగుతుందే అమ్మా అన్నాను. నోరు మూసుకుని తినమంది.

మార్చి 6

వీర్యకణం పరుగెత్తాలంటే ఆక్సిజన్‌ని మండించాలి. ఆ మంటలోంచి పుట్టే విషం దాని పొరనే తినేస్తుంది, లోపల డిఎన్ఏనీ వదలదు. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. తొందరయ్య కణాలు చచ్చేది దీనివల్లే అని డాక్టరుగారూ ఒప్పుకుంటారు. మేతలో విటమిన్ ఇ కలుపుదామన్నాను. కలుపుకోమన్నారు. కానీ కొత్త కణాలు తయారై బయటికి రావడానికి రెండు నెలలు పడుతుందనీ, అప్పటికి మనవాడు స్కూలు పిల్లల్ని మోస్తుంటాడనీ అన్నారు. ఆయనకి జోకులు రావు. అయినా మానరు.

మార్చి 11, మధ్యాహ్నం

చెయ్యకూడని పని చేశాను. తొందరయ్య ఫ్రెష్ శాంపిల్‌ని ట్యూబు అంచుదాకా నింపి మూత బిగించాను. ఇంతలో లాయం మేస్త్రి కేక పెట్టాడు. తొందరయ్య మళ్లీ తలుపు తన్ని గిట్ట ఇరికించుకున్నాడు. ట్యూబుని కోటు జేబులో పడేసి పరుగెత్తాను. మేస్త్రి గిట్ట లాగడం, వాడు మేస్త్రి చొక్కా లాగడం, నేను ఇద్దర్నీ తిట్టడం. తిరిగొచ్చేసరికి శాంపిల్ నా ఒంటి వేడికి ఉడికినంత పనైంది. ఒక్క కణం కూడా కదలడం లేదు.

ఏడుపొచ్చింది. మూత తీసిపెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

మార్చి 11, సాయంత్రం

ఇవాళే మళ్లీ రాస్తున్నాను.

పారబోసే ముందు ఎందుకో ఇంకో చుక్క తీసి స్లైడు మీద వేశాను. ఒకటి తోక ఆడించింది. తర్వాత పక్కది. కాసేపటికి సగానికి పైగా పరుగు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను.

అవి చావలేదు. మూసిన ట్యూబులో ఉన్న ఆక్సిజనంతా ఊదేసి, ఊపిరాడక ఆగిపోయాయి. గాలి తగలగానే లేచాయి. నెమ్మదస్తుడి శాంపిల్‌తో కూడా ఇలాగే చేసి చూశాను. వాడు మా బెస్ట్ గుర్రం, చల్లటి పెట్టెలో రోజు గడిచినా వాడి కణాలు కదులుతూనే ఉంటాయి. మూసిన ట్యూబులోనూ అవి నింపాదిగా ఈదుతూనే ఉన్నాయి. ఏమీ ఖర్చు పెట్టడం లేదు కాబట్టి ఏమీ అయిపోలేదు.

తొందరయ్య కణాలు బలహీనమైనవి కావు. మంట పెద్దది, గిన్నె త్వరగా మాడుతోంది, అంతే. మనం వాటిని ఒక రోజు పెట్టెలో పెట్టి, మాడిపోయాక మార్కులు వేస్తున్నాం. వెంటనే వాడితే?

మార్చి 12

డాక్టరుగారితో గొడవ. గొంతు పోయింది.

ఆయన అన్నదాంట్లో అర్థం లేకపోలేదు. అంత మంట మీద ఉన్న కణాల డిఎన్ఏ ఎలా ఉంటుందో నీకు తెలుసా, చూలు నిలిచినా గుండె మొదలవ్వకముందే పోతుంది, అప్పుడు ఆ ఆడగుర్రానికి ఒక సీజన్ దండగ, అన్నారు. తెలీదు అన్నాను. తెలుసుకుందాం అని కూడా అన్నాను.

మేడమ్ ఇద్దర్నీ ఆపమన్నారు. ఆడగుర్రాల్నే ఇక్కడికి రప్పించుకుంటే కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది మేడమ్, దూరం నుంచి కాకపోతే దగ్గర నుంచి, అన్నాను. మూడో పరీక్ష పెట్టెలో కాదు, ఆడగుర్రంలో చేద్దామని బతిమాలాను. సరే, ఒక్కసారి, గయ్యాళిని తీసుకో, అన్నారు. స్కానింగులో పిల్ల గుండె కనపడితే తొందరయ్య ఉంటాడు. లేకపోతే ఏప్రిల్ 11న డాక్టరుగారి ఇష్టం.

గయ్యాళి! పోయినేడు నెమ్మదస్తుడితో చూలు కట్టి, గుండె కనపడకముందే పోగొట్టుకున్న గుర్రం. డాక్టరుగారు నవ్వు దాచుకోలేదు.

మార్చి 14, శనివారం

గయ్యాళి ఎదకొచ్చింది. శాంపిల్ తీసిన వెంటనే, వేడి చల్లారకుండా, ట్యూబు పట్టుకుని పరుగు. దారిలో అడ్డమొచ్చిన చీపురుని తన్నేశాను. గయ్యాళి నన్ను తన్నబోయింది. మేస్త్రి దాని చెవిలో ఏదో బుజ్జగించాడు. పనైపోయింది.

మార్చి 19

ఏమీ లేదు. తొందరయ్య తిన్నాడు. నేను తినలేదు.

మార్చి 30

నిలిచింది!! స్కానింగులో గుండ్రంగా, నల్లగా, ఉసిరికాయంత. మేస్త్రి చప్పట్లు కొడితే గయ్యాళి చెవులు వెనక్కి వాల్చింది. డాక్టరుగారు మాత్రం, పోయినేడూ ఇంతదాకా వచ్చిందమ్మా అన్నారు. మంచిగానే అన్నారు. అదే ఎక్కువ భయం వేసింది.

ఏప్రిల్ 4

స్వారీ స్కూలు నుంచి ఒకాయన వచ్చి తొందరయ్యని చూశాడు. పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు, ఆపరేషన్ అయ్యాక నెమ్మదిస్తాడు లెండి అన్నాడు. అతనికి టీ కూడా ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, మీ గుర్రం సంగతి ఏమైందే అని. మొత్తం చెప్పాను, ఆక్సిజనూ, మంటా, డిఎన్ఏ, అన్నీ. అమ్మ కూర కలపడం ఆపి వింది. పాపం, ఒళ్లు దాచుకోవడం తెలీని వాళ్లకి ఎప్పుడూ ఇంతే, అంది. గుర్రం గురించే అనుకుంటా.

ఏప్రిల్ 9

రేపు స్కానింగు. గుండె లేకపోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. ఆలోచించను.

ఏప్రిల్ 10

స్క్రీను మీద తెల్లటి చుక్క. మినుకు, మినుకు, మినుకు.

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. రేపటి ఆపరేషన్ సంగతి నేను అడగలేదు. ఆయనే అన్నారు, ఇక ఆ గుర్రం మీద ఎవడైనా కత్తి పెడితే వాడి చెయ్యి విరగ్గొడతానని.