ఏడో నంబరు రూమ్ పైకప్పు వ్యవహారం

నిజ్వా (ఒమన్), జూన్ 14

ప్రియమైన రాజేశ్వరికి,

ఫోనులో చెప్పినది దస్త్రంలో నిలవదు గనుక, ఈ లేఖ రాసి ఫోటో తీసి పంపుతున్నాను. మా రూమ్ పైన ఒక రేకు, రేకు పైన సూర్యుడు తప్ప మరేమీ లేవు. వేసవిలో కాంక్రీటు పని రాత్రి డ్యూటీ. కనుక మేము పగలు నిద్రించవలసిన వారము. నిద్రించుట లేదు. మొన్న మా రూమ్ కుర్రాడు పెద్దులు పరంజా మీదనే కునికాడు. "ఇంకోసారి కునికితే ఇంటికే టికెట్" అని సూపర్‌వైజర్ సెలవిచ్చాడు. పెద్దులు వచ్చి ఐదు నెలలు కాలేదు.

అందుచేత నా అధ్యక్షతన పైకప్పు సంఘం ఏర్పడినది. సభ్యులు ఆరుగురు. సెలవుకు ఇంటికి తెచ్చుటకు కొని దాచిన పులిబొమ్మ దుప్పట్లు ఆరు. వాటిని ఏకగ్రీవంగా రేకుకు బిగించి అతికించాము. వేడి తగ్గలేదు. "అన్నా, పులులకే ఆయాసమొస్తుంది గదనే" అని సభ్యుడు భూమేశ్ నివేదించాడు. నీ సలహా కోరడమైనది.

నీ
రఘుపతి

జగిత్యాల, జూన్ 17

ప్రియమైన అధ్యక్షుల వారికి,

మీ లేఖ కోళ్లఫారంలో దాణా వేసిన పిమ్మట పరిశీలించడమైనది. ఆ దుప్పట్లలో ఒకటి నాది. ఆ విషయమై వేరుగా విచారణ జరుగును.

ఇక్కడ నాలుగు వేల కోళ్లు రేకుల కిందనే బతుకుతున్నవి. ఒక్క కోడీ సంఘం పెట్టలేదు. రేకుకు అంటించినది రేకుతోపాటే కాలుతుంది. మేము రేకుకు జానెడు కిందుగా తీగలు లాగి, వాటి మీద వెండిరేకు పొర పరుస్తాము. మెరిసే ముఖం పైకి, నడుమ గాలికి సందు. దుప్పట్లు వెంటనే దించండి, కరెంటు వైరు నుండి నిప్పు అంటుకుంటే ఆరుగురికీ ప్రమాదం. ఏసీ గొట్టాలకు చుట్టే, వెండిరేకు అంటించిన గాజుదూది మీ సైట్‌లో మిగులుతుందని మీరే చెప్పారు. అడిగి తెచ్చుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

నాతో పనిచేసే సత్తవ్వ "మొగోళ్లు చెప్తె ఇంటరా?" అన్నది. వింటారని మీ తరఫున హామీ ఇచ్చాను.

మీ
రాజేశ్వరి

నిజ్వా, జూలై 2

ప్రియమైన రాజేశ్వరికి,

విన్నాము. స్టోరులో అనుమతి పొంది దూది తెచ్చి, జానెడు సందు కొలిచి పరిచాము. ఆ పగలు పెద్దులు ఎనిమిది గంటలు ఏకధాటిగా నిద్రించాడు. ఊపిరి ఉన్నదో లేదో భూమేశ్ రెండుసార్లు చూచాడు.

నాల్గవ రోజున క్యాంపు బాస్ ముర్తుజా సాబ్ వచ్చి, పైకి చూచి "యే క్యా తమాషా? నికాలో" అన్నారు. తీసివేయుటకు ముందు తనిఖీ చేయుట న్యాయమని మనవి చేసి, మిట్టమధ్యాహ్నం వారిని పైమంచం ఎక్కించాము. తనిఖీ మూడు దాటాక వచ్చే అసర్ నమాజు వేళ వరకు సాగినది. గురక స్పష్టంగా వినబడినది.

దిగిన వెంటనే వారు ఉత్తర్వు జారీ చేశారు: పదకొండు రూములకూ ఇదే విధంగా చేయవలెను. పెద్దులును పరంజా నుండి తప్పించి, ఆ పనికి బాధ్యునిగా నియమించారు. ప్రతి రూమ్ పూర్తయిన మరునాడు, మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు అందులో పడుకొని, నిద్ర పట్టినదీ లేనిదీ రాతపూర్వకంగా తెలుపుట ఇప్పుడతని డ్యూటీ. ఆ నియామకం కాగితం మీద సూపర్‌వైజరే స్వయంగా సంతకం పెట్టాడు.

నీ మాట విన్నవాడు
రఘుపతి