ఎండబెట్టిన ఫిల్టర్

మామయ్యా,

వాటర్‌వర్క్స్ ల్యాబ్‌కి వెళ్తున్నా. కుళాయికి కొత్త బొగ్గు ఫిల్టర్ బిగించాను. మొదటి రెండు బకెట్లు నల్లగా వస్తాయి, కంగారుపడకుండా మొక్కలకు పోసేయండి. తర్వాతి నీళ్లు కాచి పాపకు పాలపొడి కలపండి.

పాతదాన్ని మీరు కడిగి, ఎండబెట్టి, మళ్లీ పెట్టారట. ఉతికితే కొత్తదవడానికి అదేమైనా చొక్కానా? క్లోరిన్ వాసన రాలేదని ధీమాగా ఉన్నారు. ఆ వాసన రాకముందే, క్లోరిన్ వల్ల నీళ్లలో పుట్టే రసాయనాలు అరిగిన బొగ్గును దాటేస్తాయి. ఊరందరి నీళ్లూ పరీక్షించేదాన్ని, మనింటి నీళ్ల సంగతి నాకు తెలియదా?

పాత ఫిల్టర్ చెత్తబుట్టలో ఉంది. మళ్లీ బయటికి తీయకండి.

కోడలు

అన్నట్టు, పాపకు పట్టే ముందు రోజూ ఓ గ్లాసు మీరే తాగి చూస్తున్నారని అత్తయ్య చెప్పారు. ఇకమీదట ఆ పరీక్ష నాకొదిలేయండి. పాపకు తాతయ్య కావాలి.