నా పేరున కొన్న నాగలి

అమ్మకు, ఇక్కడ చోమా పట్నంలో మేం కులాసా. నా దగ్గు తగ్గింది.

కుట్టుమిషను అప్పు కోసం బ్యాంకుకు వెళితే అక్కడి గుమాస్తా నా గుర్తింపు కార్డు చూసి, "రెండేళ్ల కిందట నాగలి అప్పు ఒక్క నెలా తప్పకుండా కట్టారు. మీకివ్వక ఇంకెవరికిస్తాం, ముతింతా గారూ?" అన్నాడు. నాగలి నేనెప్పుడు కొన్నాను? సంతోషించాలో భయపడాలో తెలియలేదు. సంతకం పెట్టకుండా, శుక్రవారం వస్తానని చెప్పి వచ్చేశాను.

ఆ ఏడాది కార్డు మనింట్లోనే మరిచాను కదా. చెల్లి చిపెగోకు కార్డు లేదు, ముఖం మాత్రం అచ్చం నాదే. కోప్పడనని చెప్పి అడుగు. శుక్రవారం లోపల జవాబు రాయి. పాత అప్పు నాదేనంటే మిషను వస్తుంది, కాదంటే చెల్లిని పట్టుకుంటారు. ఏమీ తోచడం లేదు.

వేరుశనగ విత్తనాలు ఉన్నాయా? నాన్నకు దండాలు. అప్పు తీర్చింది చెల్లే అయితే ముందు దానికి కార్డు చేయించు. ఆ మంచి పేరు దానిదే కావాలి.

ముతింతా